మూడు షీట్ల ప్లైవుడ్, రెండడుగుల టేకు, ఒక పడవ

ముందు టేపు తీసుకుని మీ ఇంటి గేటు, సందు, ఆ సందు మలుపు కొలవండి. నవ్వకండి. నేను 12 అడుగుల పడవ వెనక వసారాలో కట్టేసి తీరా బయటికి తీసే రోజున అది సందు మలుపు తిరగక, ఆరుగురం కలిసి పక్కింటివాళ్ళ ప్రహరీ మీద నుంచి ఎత్తి అవతల దింపాం, దింపడంలో వాళ్ళ అరటిచెట్టు ఒకటి విరిగింది, ఆ గెల బాకీ నేనింకా తీర్చలేదు. పడవ వెడల్పు ఎంతయినా పక్కకి వాల్చి దాటించొచ్చు గానీ పొడుగుని ఎవడూ మడవలేడు కదండీ.

మాది కోనసీమ, గౌతమి పాయ ఒడ్డు. చిన్నప్పుడు లంకలోకి వెళ్ళాలంటే నావే, గెడ వేసేవాళ్ళు వేస్తుంటే మేం అంచు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టి తిట్లు తినేవాళ్ళం. ఇప్పుడు అన్నీ ఫైబర్ పడవలు, ఇంజన్లు. సొంతంగా చెక్కతో ఒకటి కట్టుకోవాలని ఎప్పటినించో ఉంది, నాకు వడ్రంగం రాదు, రంపం తిన్నగా కొయ్యడం కూడా ఈ పడవతోనే నేర్చుకున్నా, శని ఆదివారాలు చేసుకుంటే మూడు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు చెక్క కొనడానికి తిరగడమే, ఇది చదివి మీరు మరీ అంత తిరక్కుండా ఉంటారని రాస్తున్నా.

పాత పద్ధతి నావ జోలికి మాత్రం వెళ్ళకండి, మొదటి పడవకి అస్సలు వద్దు. మందం పలకలు, వంకర తిరిగిన కొమ్మల్లోంచి వెతికి తీసిన అడ్డకర్రలు, పలకకీ పలకకీ మధ్య దూది కూరి గుగ్గిలం నూనెలో కలిపి పూడ్చడం, ఏటా జీడిగింజల నూనె పట్టించడం, అదంతా చేతిలో ఉండాల్సిన విద్య. సరదాగా చూడాలంటే తాళ్ళరేవు వైపు వెళ్ళండి, ఆ పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు, 1839 తుఫానుకి దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు గానీ ఆ చుట్టుపక్కల పడవలు కట్టే చేతులు మాత్రం మిగిలాయి.

మనం చేసేది ప్లైవుడ్‌ని కుట్టి అతికించే పద్ధతి. పలకల అంచులకి చిన్న చిన్న బెజ్జాలు పెట్టి రాగి తీగతో కుట్టడం, లోపల మూలల్లో ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అని రెండు కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద పూయడం, దాని మీద గ్లాసు గుడ్డ (గాజు పీచుతో నేసింది) పట్టీ అతికించడం, అంతే. 1963లో ఇంగ్లండ్‌లో మిర్రర్ డింగీ అని ఒక చిన్న తెరచాప పడవ కిట్టుగా ఇదే పద్ధతిలో వచ్చింది, జనం ఇళ్ళ దగ్గరే కట్టుకున్నారు, అలా అలా 70 వేలు దాటాయి. అయినా పడవని కుట్టడం మనకేమన్నా కొత్తా, మన తీరంలో మసూలా పడవల్ని మేకు అన్నది లేకుండా కొబ్బరి తాడుతోనే కుట్టేవారు, కెరటం ఎత్తి ఒడ్డున కొట్టినా పలక పగలకుండా కాస్త సాగి ఊరుకునేది. 2025 మేలో కార్వార్‌లో నేవీలో చేర్చుకున్న ఐఎన్ఎస్‌వీ కౌండిన్య కూడా కుట్టిన ఓడే, అజంతా గోడ మీది బొమ్మ చూసి కట్టింది. కాబట్టి ఎవరన్నా "తీగతో కుట్టిన పడవేంట్రా" అని నవ్వితే ఈ ముక్క చెప్పండి.

ఇక సరుకు. మొత్తం పడవకి 8 బై 4 మెరైన్ ప్లైవుడ్ 6 ఎంఎం మందంలో మూడు షీట్లు, టేకు రెండడుగులు, ఎపాక్సీ ఆరేడు కిలోలు, గ్లాసు గుడ్డ మీటరు పన్నాలో ఎనిమిది మీటర్లు. రెండడుగులు అంటే పొడుగు కాదండోయ్, అడితిలో, అంటే కలప డిపోలో, అడుగు అంటే ఘనపుటడుగు. ధరలు రాయట్లేదు, నేను రాసేలోపే మారతాయి.

ప్లైవుడ్ దగ్గరే అసలు కథ. షాపులో "వాటర్‌ప్రూఫ్ ఉందా" అని అడక్కండి, ఎవడైనా ఉందనే చెప్తాడు. "ఐఎస్ 710 ఉందా" అని అడగండి, మెరైన్ ప్లైవుడ్‌కి ఉన్న ఇండియన్ స్టాండర్డ్ నంబరు అది. ఇళ్ళల్లో బీరువాలకి వాడేది ఐఎస్ 303లో ఎంఆర్ రకం, కిచెన్‌లకి బీడబ్ల్యూఆర్ అని ఇంకోటి ఇస్తారు, రెండూ పడవకి పనికిరావు. 710 అంటే దాని జిగురు 72 గంటలు మరిగే నీళ్ళలో ఉన్నా పొరలు విడిపోకూడదు, స్టాండర్డే అది. షీటు మీద ఐఎస్ఐ మార్కు, దాని కింద లైసెన్స్ నంబరు ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో, లైసెన్స్ బతికుందో లేదో వచ్చేస్తుంది. షాపువాడి ముందే కొట్టి చూడండి, ఏమీ తప్పు లేదు.

ఇంత చెప్తున్నా గానీ మొదట నేనూ మోసపోయా. మొదటి షాపులో స్టాంపు బ్రహ్మాండంగా ఉంది, నాకప్పటికి ఆ యాప్ సంగతి తెలీదు, బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానన్నాడు, నా ఆశ నాది, తెచ్చేసుకున్నా. ఎందుకో అనుమానం వచ్చి మూల నుంచి చెయ్యంత ముక్క కోసి అమ్మ పాత డేగిసాలో నీళ్ళు పోసి పెరట్లో పొయ్యి మీద పెట్టా. అమ్మ వచ్చి చూసి "పండక్కి పులిహోర కలిపే గిన్నెరా అది, చెక్కలు ఉడకబెడతావా" అని మొదలెట్టింది. గంటన్నర అయ్యేసరికి నీళ్ళు టీ డికాషన్ రంగు, ముక్క అంచున సన్నగా నోరు తెరిచింది, రెండు గంటలకి పొరలు అప్పడాల్లాగా ఒకదాని మీద ఒకటి తేలుతున్నాయి. అమ్మ కాసేపు చూసి "ఇందులోనా నువ్వు ఏట్లోకి వెళ్దామనుకున్నావు" అని, ఇక గిన్నె సంగతి ఎత్తలేదు. ఆ షీట్లు ఇప్పుడు కోళ్ళ గూడుకి పైకప్పు.

కాబట్టి నా రూలు ఇది, ముందు శాంపిల్ ముక్క అడగాలి, ఇవ్వకపోతే ఒక్క షీటే కొనాలి, ఇంటికొచ్చి ముక్క ఉడకబెట్టాలి. 72 గంటలు అక్కర్లేదు, ఆరు గంటలు మరిగించి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ ఒక ఆరు గంటలు మరిగించండి. ఆ తర్వాత ఉలి దూర్చి పొర లేపడానికి చూస్తే చెక్క పీచు చీరుకుపోవాలి గానీ జిగురు దగ్గర శుభ్రంగా ఊడి రాకూడదు. పాసైతే అదే రోజు వెళ్ళి మిగతా రెండూ అదే లాట్‌లోంచి తెచ్చుకోవాలి. ఇంకో రెండు చూపులు కూడా చూడండి. షీటు అంచుని కళ్ళ దగ్గర పెట్టుకుని చుట్టూ చూస్తే మధ్య పొరల్లో ఖాళీలు కనిపిస్తాయి, ఒకటో రెండో అయితే పర్లేదు, ఎలక తిన్నట్టుంటే వద్దు. తర్వాత రూపాయి బిళ్ళతో షీటంతా టకటకా కొట్టుకుంటూ వెళ్ళండి, డొల్ల చప్పుడు వచ్చిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి, పడవలో సరిగ్గా వంపు తిరిగే చోటికి అది రాకూడదు. 6 ఎంఎం షీటు పన్నెండు పదమూడు కిలోలు తూగాలి, బాగా తేలిగ్గా ఉంటే లోపల పొరలు నాసిరకం మెత్త చెక్క అని అనుమానించండి.

ఇప్పుడు టేకు. ఇది పడవ పై అంచు బద్దలకి, కూర్చునే పలకలకి, అడుగున రాసుకునే బద్దలకి. మీరు అడితికి వెళ్ళగానే వాడు దుంగ చూపించి చుట్టుకొలత తీస్తాడు. దుంగ లెక్క ఏంటంటే చుట్టుకొలత అంగుళాల్లో తీసి దాన్ని నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, అడుగుల్లో పొడుగుతో గుణించి, 144తో భాగించడం. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడుగు దుంగ అయితే 12 ఇంటూ 12 ఇంటూ 10, బై 144, అంటే 10 ఘనపుటడుగులు. గుండ్రటి దుంగ అసలు ఘనపరిమాణంలో ఈ లెక్కకి వచ్చేది 78 శాతం చిల్లర, మిగతాది బెరడు, కోత పొట్టు కింద వదిలేసినట్టు. కోసిన సైజు చెక్కకి ఇంకా తేలిక, అడుగుల్లో పొడుగు, అంగుళాల్లో వెడల్పు, మందం మూడూ గుణించి 144తో భాగించండి. ఈ రెండు లెక్కలు నోటికొస్తే అడితిలో మీ వైపు చూసే చూపే మారిపోతుంది, నిజంగా.

నాకైతే దుంగ కొనాల్సిన పని పడలేదు. రెండడుగులకి దుంగేం చేసుకుంటాం, అదీకాక పచ్చి దుంగ కోయిస్తే పలకలు బద్దలు పెట్టి నీడన పేర్చి నాలుగైదు నెలలు ఆరబెట్టాలి. మాకు మంచి దారి ఒకటుంది, పాత ఇళ్ళ కలప. కోనసీమలో మండువా లోగిళ్ళు కూల్చేసి స్లాబులు వేస్తున్నారు కదా, ఆ దూలాలు, వాసాలు, గుమ్మాలు కొని అమ్మే షెడ్లు టౌన్ల శివార్లలో ఉంటాయి, కొన్ని ఇళ్ళలో అయితే రంగూన్ నుంచి వచ్చిన బర్మా టేకే. ఎనభై, వంద ఏళ్ళు ఇంటి కప్పు కింద ఆరిన చెక్క, ఇక అది వంగేదీ లేదు, పగిలేదీ లేదు. నేను ఒక పాత గుమ్మం కమ్మీలు రెండు, ఒక వాసం తీసుకున్నా. మా వూరి వడ్రంగి తాతని వెంట పెట్టుకెళ్ళా, ఆయన చెక్కని చూడనే లేదు ముందు, గోరుతో గీసి, ఉమ్ము రాసి, వాసన చూసి, "ఇది చేవ రా అబ్బాయ్, అదిగో ఆ రెండోది సగం పాలు, పురుగు దానికోసమే కాసుకుని కూర్చుంటాది" అన్నాడు. చేవ అంటే దుంగ లోపలి ముదురు చెక్క, పాలు అంటే దుంగ పైభాగంలో ఉండే తెల్ల చెక్క, టేకయినా సరే ఆ తెల్లది టేకు కాదనుకోండి. పిండి రాలే సన్న బెజ్జాలు కనిపిస్తే ఆ ముక్క చవగ్గా ఇచ్చినా వద్దు, పక్కనున్న మంచివాటిక్కూడా పాకుతుంది.

పాత కలపలో ఒక్క ఇబ్బంది మేకులు. కోత మిల్లువాడికి ఇచ్చే ముందు పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం ఊడదీసి చెక్క పొడుగూతా నాలుగు వైపులా రాయండి, టక్కున అంటుకున్న చోట తవ్వి మేకు తీసెయ్యాలి. ఒక్క మేకు రంపం బ్లేడుకి తగిలిందంటే బ్లేడు డబ్బులు మీ దగ్గరే వసూలు చేస్తాడు, చెయ్యాలి కూడా. అంచు బద్దలు ముప్పావు అంగుళం మందం, అంగుళంన్నర వెడల్పు, ఒక్కో వైపుకి లోపలొకటి బయటొకటి, మొత్తం నాలుగు కోయించండి. 13 అడుగుల పొడుగులో ముడి లేని ముక్క దొరకదు, దొరికినా ఖరీదు, అందుకని రెండు ముక్కల చివర్లు ఏటవాలుగా చెక్కి ఎపాక్సీతో అతకండి, మందానికి ఎనిమిదింతలు ఏటవాలు, అంటే ముప్పావు అంగుళానికి ఆరంగుళాలు. ముడి ఉన్న చోట బద్ద వంచేటప్పుడు చటుక్కున విరుగుతుంది, ఆ శబ్దం విన్నాక ఆ రోజింక పని సాగదు.

మీ పెరట్లోనే టేకు చెట్టుందనుకోండి, అయినా సరే ఫారెస్టు వాళ్ళ పర్మిట్ లేకుండా కొట్టి మిల్లుకి తోలకండి. కొన్న కలపకి కూడా బిల్లు జేబులో పెట్టుకుని ఆటో ఎక్కించండి. టేకు దొరక్కపోతే మద్ది, వేగిస బాగానే ఉంటాయి గానీ బరువు. మామిడి, బూరుగు వద్దు, నీళ్ళు తగిలితే పుచ్చిపోతాయి. తెడ్లకి మాత్రం టేకు దండగ, సన్నటి తిన్నని సరుగుడు వాసం తొక్క తీసి ఆరబెట్టి దాని చివర మిగిలిన ప్లైవుడ్ ఆకు బిగిస్తే చాలు. గెడకి వెదురు.

ఎపాక్సీ గురించి చెప్పేవి చాలా ఉన్నాయి గానీ ముఖ్యమైనవి చెప్తా. ఫైబర్ పని చేసే షాపులో మీకు పాలిస్టర్ రెజిన్, దానితో పీచు చాప అంటగట్టబోతారు, చవక కాబట్టి. వద్దు. పాలిస్టర్ చెక్కని గట్టిగా పట్టుకోదు, కొన్నాళ్ళకి అట్టలా లేస్తుంది. ఆ పీచు చాపలో పీచుని పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లోనే కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు, అందుకే చాప కాదు, నేసిన గుడ్డ కావాలి, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) అని అడగండి. ఎపాక్సీ నాకు దొరికింది ఎల్‌వై 556 రెజిన్, హెచ్‌వై 951 హార్డెనర్, బరువులో వందకి పది. కంపెనీని బట్టి లెక్క మారుతుంది, డబ్బా మీద ఏముంటే అదే, కంటితో అంచనాలు వద్దు, గ్రాముల కాటా కొనండి. హార్డెనర్ ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుందనుకోకండి, ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది.

మే నెలలో మధ్యాహ్నం పూట ఒకేసారి అరకిలో కలిపి ప్లాస్టిక్ మగ్గులో ఉంచుకుని తాపీగా పూద్దామని కూర్చున్నా నేను, పది నిమిషాలకి మగ్గు చేతిలో కాలింది, పొగ వచ్చింది, మగ్గు అడుగు కరిగి వసారా గచ్చు మీద గోధుమరంగు పలకలాగా అతుక్కుపోయింది, ఇప్పటికీ ఉంది. కలిపింది లోతు గిన్నెలో కుప్పగా ఉంటే దాని వేడికి అదే ఉడికిపోతుంది. 100, 150 గ్రాములు కలిపి వెంటనే వెడల్పు ట్రేలో పరచండి. పని చెయ్యడానికి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. చెక్కకి మొదటి పూత ఉదయం పూట వెయ్యకండి, ఎండెక్కే కొద్దీ చెక్కలో గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలు బుడగలుగా పైకొస్తుంది, సాయంత్రం చల్లబడే టైములో వేస్తే చెక్క ఆ పూతని లోపలికి పీల్చుకుంటుంది. ముసురు రోజుల్లో గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డు తేలుతుంది, దాన్ని నీళ్ళు, స్క్రబ్బర్‌తో కడిగి ఆరాకే తర్వాతి పూత, కడక్కుండా ఉప్పుకాగితం పడితే జిడ్డు లోపలికి రుద్దినట్టవుతుంది. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, ఒకసారి ఒళ్ళు పడక దద్దుర్లు మొదలయ్యాయంటే ఇక జన్మలో ఎపాక్సీ ముట్టుకోలేరు.

ఇప్పుడు కోత. ఒక షీటుని పొడుగ్గా 16 అంగుళాల వెడల్పుతో మూడు పట్టీలు చెయ్యండి. ఒక్కోటి 8 అడుగులు. ఒక పట్టీని సగానికి కోస్తే రెండు 4 అడుగుల ముక్కలు, వాటిని మిగతా రెండు పట్టీల చివర అతికితే 12 అడుగుల పక్క పలకలు రెండూ వచ్చేశాయి, షీటులో ముక్క వేస్టు లేదు. అడుగు పలకకి ఇంకో షీటు మొత్తం, మూడో దాంట్లో సగం కలిపి 12 అడుగులు. మిగిలిన సగం షీటు వెనక పలకకి, అతుకు పట్టీలకి, తెడ్డు ఆకులకి. అతుకు అంటే రెండు ముక్కల అంచులు ఆనించి లోపలి వైపు ఆరంగుళాల వెడల్పు పట్టీ ఎపాక్సీతో అంటించడమే, కింద మీద పాలిథిన్ కాగితం వేసి ఇటుకలు పేర్చి ఒక రాత్రి వదిలెయ్యండి. పట్టీని పలక అంచులకి అంగుళం లోపలే ఆపండి, తర్వాత ఆ మూలలో ముద్ద పూయాలి కాబట్టి. 8 అడుగుల భాగం ముక్కు వైపు రావాలి, వంపు ఎక్కువ అక్కడే.

ముక్కు దగ్గర పలక చివరని కొంచెం ఏటవాలుగా, కింద నాలుగంగుళాలు వెనక్కి వచ్చేలా కొయ్యాలి. ఇక్కడే జాగ్రత్త, అతుకు పట్టీలు ఉన్న ముఖాలు ఎదురెదురుగా ఉండేలా రెండు పలకలూ నిలబెట్టి గీత గియ్యండి, లేకపోతే రెండూ ఎడమ వైపు పలకలే తయారవుతాయి.

మధ్యలో ఒక చట్రం కావాలి, తాత్కాలికంగా, ఏ పాత చెక్కతోనైనా చెయ్యొచ్చు. అడుగున 34 అంగుళాలు, పైన 44, ఏటవాలు పక్కలు 16. వెనక పలక అడుగున 28, పైన 36, రెండు పొరలు అతికి 12 ఎంఎం చెయ్యండి. ముందు రెండు పలకల్నీ ముక్కు దగ్గర కుట్టండి, ఒకళ్ళు పుస్తకం తెరిచినట్టు విప్పుతుంటే ఇంకొకళ్ళు ముక్కు నుంచి 75 అంగుళాల దగ్గర చట్రం దూర్చాలి, తర్వాత వెనక చివర్లు దగ్గరికి లాగి వెనక పలకకి కుట్టాలి. ఒక్కరివల్ల కాదు, మా ఆవిడ చట్రం పట్టుకుంది, నేను చివర్లు లాగా. అప్పటిదాకా తిన్నగా ఉన్న దీర్ఘచతురస్రం ముక్కలు ఒక్కసారిగా పడవ ఆకారంలోకి వచ్చేస్తాయి, పక్కలు బయటికి వాలడం వల్ల అడుగు అంచు దానంతటదే అరటి డొప్పలాగా వంపు తిరుగుతుంది. మీరు ఏ లెక్కా వెయ్యలేదు, పలకే వేసుకుంది.

కుట్టడానికి బెజ్జాలు 2 ఎంఎం డ్రిల్ బిట్టుతో, అంచుకి సెంటీమీటరు లోపల, ఆరంగుళాలకొకటి, ముక్కు దగ్గర మూడంగుళాలకొకటి. తీగ కోసం మోటార్లు వైండింగ్ చేసే షాపుకి వెళ్ళి 18 గేజి రాగి తీగ అడగండి, కిలోల లెక్కన అమ్ముతారు, పావుకిలో చాలు. ఇదంతా బోర్లా తిప్పి, పైన అడుగు షీటు పరిచి, కింద నుంచి పెన్సిల్‌తో గీసి, అరంగుళం ఎక్కువ ఉంచి కోసి, కుట్టెయ్యండి. తీగలు బిగించే ముందు పడవ మెలి తిరిగిందేమో చూసుకోవాలి. ముక్కు నుంచి వెనక పలక రెండు మూలలకీ దారం పట్టి కొలవండి, రెండూ సమానంగా రావాలి. చట్రం మీద ఒక బద్ద, వెనక పలక మీద ఒక బద్ద అడ్డంగా పెట్టి దూరంగా కూర్చుని ఒంటికన్నుతో చూస్తే రెండూ ఒకే గీతలో కనపడాలి. ఒకటి వాలిందంటే మూల కింద ఇటుక ముక్క పెట్టి సరిచెయ్యండి, ఎపాక్సీ పడ్డాక ఇక దేవుడు కూడా సరిచెయ్యలేడు.

ముద్ద కలపడానికి ఎపాక్సీలో చెక్కపొడి వెయ్యాలి, కోత మిల్లు పొట్టు కాదు, సాండర్ మెషిన్ సంచిలో పడే మెత్తటి పొడి, ఏ ఫర్నిచర్ షాపులోనైనా ఊరికే ఇస్తారు. గట్టి పెరుగు కన్నా చిక్కగా, గరిటె తిప్పితే జారకుండా ఉండాలి. ముందు తీగలకి మధ్య మధ్యలో చెంచాడు చొప్పున పెట్టి రాత్రి వదిలి, పొద్దున తీగలు కత్తిరించి లాగేసి, అప్పుడు మూల మొత్తం ముద్ద నింపి అరంగుళం పైపు ముక్కతో రాసుకుంటూ వెళ్ళండి, నున్నటి గాడి వస్తుంది. తీగ మొండికేస్తే కాల్చిన స్క్రూడ్రైవర్ ఆనించండి, మెత్తబడి వస్తుంది. ముద్ద ఇంకా పచ్చిగా ఉండగానే నాలుగంగుళాల గుడ్డ పట్టీ పరిచి బ్రష్‌తో ఎపాక్సీ తాగించండి, తెల్లగా ఉన్న చోట తడవలేదని అర్థం, తడిసిన గుడ్డ కనపడదు. బయట అంచులు గుండ్రంగా రుద్ది అక్కడా పట్టీ, తర్వాత అడుగు భాగం మొత్తానికి ఒక పొర గుడ్డ. ఆరాక రుద్దేటప్పుడు మాస్కు, ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి, ఆ గ్లాసు ధూళి ఒంటికి పడితే రెండు రోజులు దురదగుంటాకు పూసుకున్నట్టే ఉంటుంది.

అంచు బద్దలు అతికేటప్పుడు క్లాంపులు ఎన్నున్నా చాలవు, నాలుగంగుళాల పీవీసీ పైపుని రెండంగుళాల చుట్లుగా కోసి ఒక వైపు చీలిస్తే అవే క్లాంపులు, ముప్పై చేసుకోండి. టేకు నూనె చెక్క కాబట్టి అతికే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి అది ఆరగానే ఎపాక్సీ పూయాలి, ఉదయం తుడిచి సాయంత్రం అతికితే నూనె మళ్ళీ పైకొచ్చేస్తుంది. బద్దలు, కూర్చునే పలకలు గట్టిపడ్డాకే మధ్య చట్రం తియ్యండి. పలకల కింద డబ్బాలు కట్టి మూత బిగించిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు కుక్కండి, ఒక్కో సీసా రెండు కిలోలు తేలుస్తుంది, నలభై పడితే పడవ నిండా నీళ్ళొచ్చినా పట్టుకుని ఉండొచ్చు. చివర్న ప్రైమరు, రెండు పూతల ఎనామిల్, లేత రంగు. ఎపాక్సీని ఎండ తినేస్తుంది, పెయింటు అందానికి కాదు.

ఇది ఇద్దరి పడవ. అంగుళం మునిగితే దాదాపు 50 కిలోలు మోస్తుంది, ఇద్దరెక్కితే నాలుగంగుళాల లోపే దిగుతుంది, నీటి పైన పక్క పలక ఒక అడుగు ఎత్తు దాకా మిగులుతుంది. నలుగురెక్కి సెల్ఫీలు దిగడానికి కాదు. సముద్రంలోకి వద్దు, గోదావరి ఎర్రనీళ్ళు తిరిగినప్పుడు వద్దు, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరికి ఎప్పుడూ వద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచి మునిగిన రోజు మా వైపు ఎవరం మర్చిపోలేదు, లైఫ్ జాకెట్ పడవలో పడేసి ఉంచడం కాదు, ఒంటికి కట్టుకోవాలి. మోటారు బిగించాలనుకుంటే రిజిస్ట్రేషన్, సర్వే ఉంటాయి, 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద, అది ముందే కనుక్కోండి.

నీళ్ళలో పెట్టే రోజు అమ్మ పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది, అందరూ ఎక్కమన్నారు, నేను ఎక్కలేదు. మీరూ ఎక్కకండి. లోపల పాత న్యూస్‌పేపర్లు పరిచి రేవులో కట్టేసి ఒక గంట వదిలెయ్యండి, కారితే ఎక్కడ కారిందో పేపరే చెప్తుంది. గంట తర్వాత చూస్తే మా పడవలో కుడి వైపు, ముక్కు నుంచి మూడో కుట్టు దగ్గర, రూపాయి బిళ్ళంత తడి. ఒక బెజ్జం పూడ్చకుండా వదిలేశా. ఆ రోజు ఒడ్డుకి లాగి రెండు రోజులు ఆరనిచ్చి, అదే బెజ్జంలో కాస్త పెద్ద బిట్టు తిప్పి శుభ్రం చేసి ఎపాక్సీ నింపా, ఆదివారం మళ్ళీ పేపర్ పరిచా. ఈసారి తడవలేదు, అప్పుడు తాతని ముందు కూర్చోబెట్టుకుని తెడ్డు అందుకున్నా.